ఏఎస్ రావు: బస్సు బోర్డు మీద పేరు అందరికీ తెలుసు.. ఆ మనిషి కథే చాలామందికి తెలియదు!

సికింద్రాబాద్ రాంగోపాల్‌పేట్.. ఎంజీ రోడ్డు. ఒకప్పుడు దీని పేరు జేమ్స్ స్ట్రీట్. సేఠ్ రాంగోపాల్ కట్టించిన పాత పోలీస్ స్టేషన్ భవనం ఇప్పటికీ ఇక్కడే ఉంది. దాని నెత్తిన గడియారం ఉంటుంది. అందరి చేతికీ వాచీ లేని రోజుల్లో ఈ వీధికి టైమ్ చెప్పిన గడియారం అది. ఇప్పుడు ఆ గడియారం వైపు తలెత్తి చూసేవాళ్లు తక్కువ. టైమ్ చూడాలన్నా ఫోనే. చాయ్ డబ్బులు కట్టాలన్నా ఫోనే. ఊళ్లో ఉన్న అమ్మ ముఖం చూడాలన్నా ఫోనే.

ఇక్కడి నుంచి నడిచి వెళ్లే దూరంలోనే పార్క్‌లేన్. అక్కడ చెనాయ్ ట్రేడ్ సెంటర్, జనం నోట్లో సీటీసీ. కంప్యూటర్ కొనాలన్నా, పాడైన ల్యాప్‌టాప్ బాగు చేయించాలన్నా జంట నగరాల వాళ్లకి ముందు గుర్తొచ్చే చోటు. అదే సికింద్రాబాద్‌లో బస్సెక్కి పది పన్నెండు కిలోమీటర్లు వెళ్తే ఈసీఐఎల్ క్రాస్‌రోడ్స్ వస్తుంది. దానికి కాస్త ముందు ఏఎస్ రావు నగర్. రోజూ వేలమంది ఆ స్టాప్‌లో ఎక్కుతారు, దిగుతారు. అద్దె ఇంటి ప్రకటనల్లో, ఫుడ్ డెలివరీ యాప్‌లో, క్యాబ్ బుకింగ్‌లో ఆ పేరు కనిపిస్తూనే ఉంటుంది.

ఇంతకీ ఎవరీ ఏఎస్ రావు?

హైదరాబాద్‌లో కంప్యూటర్ల కథ హైటెక్ సిటీతో మొదలైందని చాలామంది అనుకుంటారు. సైబర్ టవర్స్ ప్రారంభమైంది 1998లో. కానీ అంతకు దాదాపు 30 ఏళ్ల ముందే ఈ నగరంలో కంప్యూటర్లు తయారయ్యాయి. అమ్మకం కాదు, రిపేరు కాదు.. తయారీ. ఆ పని చేసిన సంస్థ ఈసీఐఎల్. దాన్ని నిలబెట్టిన మనిషి అయ్యగారి సాంబశివరావు. అందరికీ తెలిసిన పేరు ఏఎస్ రావు.

మోగల్లు నుంచి స్టాన్‌ఫోర్డ్ దాకా..

ఏఎస్ రావు 1914 సెప్టెంబర్ 20న పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టారు. భీమవరం దగ్గరి పల్లెటూరు అది. ఉన్నత చదువుకు బెనారస్ హిందూ యూనివర్సిటీకి వెళ్లారు. అక్కడే ఎమ్మెస్సీ పూర్తి చేసి, అక్కడే ఆరేళ్ల పాటు పాఠాలు చెబుతూ పరిశోధన చేశారు.

1946లో టాటా స్కాలర్‌షిప్ వచ్చింది. అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ మాస్టర్స్ చేశారు. ఇప్పుడు మన దగ్గర ప్రతి వీధిలోనూ ఒకరిద్దరు అమెరికాలో ఎంఎస్ చేసినవాళ్లు ఉంటారు. కానీ అప్పటికి మనకింకా స్వాతంత్ర్యమే రాలేదు.

ఇక్కడ ఒక్క విషయం గుర్తు పెట్టుకోవాలి. ఆయన స్టాన్‌ఫోర్డ్‌కి వెళ్లేనాటికి సిలికాన్ వ్యాలీ అన్న మాటే లేదు. ఈ రోజు మన ఫోన్‌లో కోట్ల కొద్దీ ఉండే ట్రాన్సిస్టర్ అప్పటికి పుట్టలేదు. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో అది తొలిసారి పనిచేసింది 1947 డిసెంబర్‌లో. అప్పటి ఎలక్ట్రానిక్స్ అంటే గాజు బల్బుల్లాంటి వాక్యూమ్ ట్యూబులే. వేడెక్కేవి, మాడిపోయేవి, మళ్లీ మార్చాల్సి వచ్చేది.

తిరిగొచ్చాక దారి మారింది

అమెరికా నుంచి వచ్చాక హోమీ భాభా బృందంలో చేరారు ఏఎస్ రావు. భాభా అప్పటికే ముంబైలో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌ను మొదలుపెట్టారు. అణుశక్తి కార్యక్రమం అప్పుడే రూపుదిద్దుకుంటోంది. అణు పరిశోధన అంటే మనకు యురేనియం గుర్తొస్తుంది. కానీ దాన్ని కొలవాలంటే, అదుపులో పెట్టాలంటే ఎలక్ట్రానిక్స్ కావాలి. రేడియేషన్ ఎంతుందో చెప్పే మీటరు దగ్గర్నుంచి, రియాక్టర్‌ను ఆపే వ్యవస్థ దాకా అన్నీ ఎలక్ట్రానిక్ పరికరాలే.

వాటిని విదేశాల నుంచి తెప్పించుకోవచ్చు. డబ్బు కడితే వస్తాయి. కానీ పాడైతే? అవతలి దేశం ఇవ్వనంటే? ఈ ప్రశ్నకు ఏఎస్ రావు బృందం ఎంచుకున్న జవాబు ఒక్కటే.. మనమే చేసుకుందాం.

1956 ఆగస్టు 4న ట్రాంబేలో అప్సర రియాక్టర్ మొదలైంది. ఆసియాలో సోవియట్ యూనియన్‌ను పక్కన పెడితే ఇదే తొలి అణు రియాక్టర్. ఇంధనం బ్రిటన్ నుంచి వచ్చింది. డిజైన్, నిర్మాణం మాత్రం మనవాళ్లవే. దాన్ని నడిపించే ఎలక్ట్రానిక్ కంట్రోల్ వ్యవస్థను తయారుచేసింది ఏఎస్ రావు నాయకత్వంలోని ఎలక్ట్రానిక్స్ విభాగమే. ఒక కొత్త దేశానికి ఇది మామూలు విషయం కాదు. కంట్రోల్ ప్యానెల్‌లో చిన్న తప్పు జరిగినా రియాక్టర్ మాట వినదు. అలాంటి చోట మన చేత్తో చేసిన సర్క్యూట్లను నమ్మారు.

1960లో పద్మశ్రీ, 1965లో ఇంజనీరింగ్ విభాగంలో శాంతి స్వరూప్ భట్నాగర్ పురస్కారం ఆయనకు దక్కాయి.

చైనా యుద్ధం నేర్పిన పాఠం

1962లో చైనాతో యుద్ధం. ఆ యుద్ధంలో బయటపడ్డ లోపాల్లో కమ్యూనికేషన్ పరికరాల కొరత ఒకటి. రేడియో సెట్లు, రాడార్లు, వాటి విడిభాగాలు.. దేనికి చూసినా బయటి దేశాల మీదే ఆధారపడే పరిస్థితి.

ఆ మరుసటి ఏడాది, 1963లో కేంద్రం ఎలక్ట్రానిక్స్ కమిటీని వేసింది. దానికి ఛైర్మన్ హోమీ భాభా. సభ్యులుగా విక్రమ్ సారాభాయ్, సూరి భగవంతం, ఏఎస్ రావు. గమనించారా? నలుగురిలో ఇద్దరు తెలుగువాళ్లు. భగవంతం అంతకుముందు ఉస్మానియా యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్‌గా పనిచేశారు.

దేశానికి ఏయే పరికరాలు కావాలి, వాటిలో ఏవి ఇక్కడే తయారు చేయగలం, అందుకు ఏయే ఫ్యాక్టరీలు పెట్టాలి అన్నది ఆ కమిటీ పని. 1966లో నివేదిక బయటికొచ్చింది. అయితే అది చూడటానికి భాభా లేరు. అదే ఏడాది జనవరి 24న ఆల్ప్స్ పర్వతాల్లో జరిగిన విమాన ప్రమాదంలో ఆయన చనిపోయారు.

నాయకుడు పోయాడు. కాగితం మీద లెక్కలు మిగిలాయి. వాటిని ఫ్యాక్టరీగా మార్చే బాధ్యత ఏఎస్ రావు మీద పడింది.

1967.. హైదరాబాద్‌కు ఈసీఐఎల్

1967 ఏప్రిల్ 11న ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్ పుట్టింది. అణుశక్తి శాఖ కింద హైదరాబాద్‌లో పెట్టిన ప్రభుత్వ రంగ సంస్థ ఇది. తొలి మేనేజింగ్ డైరెక్టర్ ఏఎస్ రావు. ముంబైలో చిన్న స్థాయిలో నడుస్తున్న ఎలక్ట్రానిక్స్ ప్రొడక్షన్ యూనిట్టే దీనికి మూలం.

ల్యాబ్‌లో ఒక పరికరం చేయడం వేరు. అదే పరికరాన్ని వందల్లో చేసి, ధర కట్టి, అమ్మి, పాడైతే వెళ్లి బాగు చేయడం వేరు. శాస్త్రవేత్తకు మొదటిది అలవాటు. ఈసీఐఎల్‌కు రెండోది కావాలి. 50 ఏళ్లు దాటిన వయసులో ఏఎస్ రావు ఆ రెండో పనికి దిగారు. ట్రాంబేలో అప్పటికే చేసి చూసిన పరికరాల్ని ఇక్కడ ఉత్పత్తిగా మార్చడం మొదలుపెట్టారు.

అణు విద్యుత్ కేంద్రాలకు కంట్రోల్ వ్యవస్థలు, రేడియేషన్ మీటర్లు, రెసిస్టర్లు, కెపాసిటర్ల లాంటి విడిభాగాలు, యాంటెన్నాలు.. ఒక్కొక్కటిగా లిస్టు పెరుగుతూ పోయింది. ఆ లిస్టులో అందరి దృష్టినీ లాగిన పేరు ఒకటుంది. అదే టీడీసీ-12.

ట్రాంబే పేరు.. హైదరాబాద్ తయారీ

టీడీసీ అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. 1969లో వచ్చింది. ట్రాంబేలో డిజైన్ అయ్యింది, హైదరాబాద్‌లో ఉత్పత్తి అయ్యింది. అంతకుముందు దేశంలో కంప్యూటర్లు తయారు కాలేదా అంటే అయ్యాయి. టాటా ఇన్‌స్టిట్యూట్‌లో 1960లోనే టిఫ్రాక్ పనిచేసింది. కానీ అది పరిశోధన కోసం ఆ సంస్థ తనకు తానుగా కట్టుకున్న ఒక్క యంత్రం. ఒక కంపెనీ తయారు చేసి, బయటివాళ్లకు అమ్మిన మన కంప్యూటర్ అంటే మాత్రం టీడీసీ-12తోనే లెక్క మొదలవుతుంది.

12 అన్నది ఎందుకంటే అది 12 బిట్ల యంత్రం. అంటే ఒక్కసారికి 12 బిట్ల సమాచారాన్ని పట్టుకుని లెక్క చేస్తుంది. ఇప్పుడు మన జేబులో ఉన్న ఫోన్‌లో 64 బిట్ల ప్రాసెసర్ ఉంటుంది. మెమొరీ కోసం అప్పట్లో చిన్న చిన్న అయస్కాంత రింగుల్ని సన్నటి తీగల మీద గుచ్చేవారు. ఒక్కో రింగు ఒక్కో బిట్. వాట్సాప్‌లో వచ్చే ఒక గుడ్ మార్నింగ్ ఫొటో కూడా ఆ మెమొరీలో పట్టదు.

నవ్వొచ్చేంత చిన్నది అనిపిస్తుంది కదా? కానీ అప్పట్లో కంప్యూటర్ అంటే విదేశాల నుంచి రావాల్సిందే. దేశంలో మార్కెట్ ఎక్కువగా ఐబీఎం చేతిలో ఉండేది. అలాంటి రోజుల్లో లోపల ఏముందో విప్పి చూసి, పాడైతే బాగు చేసి, మళ్లీ కొత్తది కట్టగలిగే మనుషులు కుషాయిగూడ దగ్గర తయారయ్యారు. టీడీసీ-312, ఆ తర్వాత 1975లో 16 బిట్ల టీడీసీ-316, 1978లో మైక్రోప్రాసెసర్‌తో నడిచే మైక్రో-78 వచ్చాయి. యూనివర్సిటీలు, ప్రభుత్వ ల్యాబ్‌లు, రక్షణ రంగం వీటిని వాడాయి.

1972లో ఏఎస్ రావుకు పద్మభూషణ్ వచ్చింది.

పల్లెకు వచ్చిన టీవీ

ఈసీఐఎల్ అంటే పాత తరానికి కంప్యూటర్ కన్నా ముందు ఇంకోటి గుర్తొస్తుంది. అది ఈసీ టీవీ. బ్లాక్ అండ్ వైట్ రోజుల్లో ఇంటికి ఈసీ టీవీ వచ్చిందంటే వీధంతా ఆ ఇంట్లోనే.

అయితే అసలు పెద్ద పరీక్ష వేరే ఉంది. 1975 ఆగస్టు 1న సైట్ అనే ప్రయోగం మొదలైంది. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో నేరుగా పల్లెటూళ్లకు టీవీ కార్యక్రమాలు పంపించడం దీని ఉద్దేశం. ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 గ్రామాలు. అందులో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. తెలుగులోనూ కార్యక్రమాలు తయారయ్యాయి. వ్యవసాయం, ఆరోగ్యం, పిల్లల చదువు.. ఇవే ఎక్కువ.

ఆ ఊళ్లలో పెట్టిన టీవీ సెట్లను తయారు చేసింది ఈసీఐఎల్. ఇంటి టీవీ కాదు ఇది. ఊరంతా కూర్చుని చూసే టీవీ. దుమ్ములో, ఎండలో, కరెంటు ఎప్పుడు పెరుగుతుందో ఎప్పుడు తగ్గుతుందో తెలియని చోట ఏడాది పాటు పనిచేయాలి. పైన కోళ్ల గూడుకు వాడే జాలీ లాంటి మెష్‌తో చేసిన గొడుగు యాంటెన్నా. హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రం 1977లో వచ్చింది. అంటే కొన్ని పల్లెలు రాజధాని కన్నా ముందే టీవీ చూశాయన్నమాట. ప్రయోగం 1976 జూలై 31తో ముగిసింది. ఇప్పుడు ఇంటింటి మీదా కనిపించే డిష్‌ల ఆలోచనకు మన దేశంలో తొలి అడుగు అదే.

విమర్శలు కూడా తక్కువేం కాదు

ఇదంతా వింటే అన్నీ విజయాలే అనిపిస్తుంది. కానీ అలా కాదు. ఈసీఐఎల్ కంప్యూటర్ల మీద గట్టి విమర్శలే వచ్చాయి. విదేశీ యంత్రాలతో పోలిస్తే ధర ఎక్కువన్నారు. ఒక మోడల్ మార్కెట్‌లోకి వచ్చేసరికి ప్రపంచం ఇంకో అడుగు ముందుకు వేసిందన్నారు. ప్రభుత్వ సంస్థ కాబట్టి దీనికి ముందు వరుసలో చోటిచ్చి, మిగతావాళ్లను ఆపారన్న మాట కూడా వినిపించింది.

ఈ విమర్శల్లో నిజం ఉంది. 1970ల చివర్లో మినీ కంప్యూటర్ల తయారీకి ప్రైవేటు కంపెనీలకూ తలుపులు తెరిచారు. హెచ్‌సీఎల్ లాంటి సంస్థలు వేగంగా దూసుకొచ్చాయి. కంప్యూటర్ మార్కెట్‌లో ఈసీఐఎల్ ముందున్న చోటును నిలబెట్టుకోలేకపోయింది.

మరోవైపు 1978లో ఐబీఎం మన దేశం నుంచి వెళ్లిపోయింది. విదేశీ కంపెనీల వాటా మీద పెట్టిన నిబంధనలకు అది ఒప్పుకోలేదు. దేశంలో వందల చోట్ల పనిచేస్తున్న దాని యంత్రాల సంగతేంటి అన్న భయం ఒక్కసారిగా మొదలైంది. అయినా పని ఆగలేదు. ఎందుకంటే అప్పటికే కంప్యూటర్‌ను లోపలి నుంచి తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నారు. ఏఎస్ రావు లాంటివాళ్లు పెట్టిన ఖర్చును ఎంతకు అమ్మారు, ఎంత లాభం వచ్చింది అన్న లెక్కతో చూస్తే ఒక జవాబు వస్తుంది. ఎంతమందికి పని వచ్చింది అన్న లెక్కతో చూస్తే ఇంకో జవాబు వస్తుంది. రెండూ నిజమే.

ఓటు మిషన్.. ఆయన చూడని ముగింపు

1977లో ఎన్నికల సంఘం ఈసీఐఎల్ ముందు ఒక కొత్త పని పెట్టింది. బ్యాలెట్ పేపర్ బదులు ఎలక్ట్రానిక్ పద్ధతిలో ఓటు వేయించగలమా? అదీ ప్రశ్న. 1979లో నమూనా యంత్రం సిద్ధమైంది. 1980 ఆగస్టు 6న పార్టీల ప్రతినిధులకు చూపించారు. ఏఎస్ రావు దాదాపు పదేళ్లు ఎండీగా ఉండి 1970ల చివర్లో రిటైర్ అయ్యారు. అంటే ఆ యంత్రం పూర్తి రూపానికి వచ్చింది ఆయన తర్వాతి బృందం చేతుల్లోనే. కానీ అలాంటి పనిని హైదరాబాద్‌కు అప్పగించొచ్చన్న నమ్మకం మాత్రం ఆయన హయాంలో కట్టిందే.

ఈవీఎం దారి కూడా సాఫీగా సాగలేదు. 1982 మే 19న కేరళలోని పరవూర్ నియోజకవర్గంలో 50 పోలింగ్ బూత్‌లలో తొలిసారి వాడారు. విషయం సుప్రీంకోర్టుకు వెళ్లింది. చట్టంలో లేని పద్ధతిలో ఓటు వేయించడం చెల్లదని 1984లో కోర్టు తేల్చింది. ఆ బూత్‌లలో మళ్లీ బ్యాలెట్ పేపర్‌తో పోలింగ్ జరిగింది. 1988లో పార్లమెంటు చట్టం మార్చింది. 1998లో కొన్ని అసెంబ్లీ స్థానాల్లో మళ్లీ వాడారు. చివరికి 2004 లోక్‌సభ ఎన్నికల్లో దేశంలోని మొత్తం స్థానాల్లో ఈవీఎంలే.

ఆ ఎన్నికలు చూడటానికి ఏఎస్ రావు లేరు. 2003 అక్టోబర్ 31న, 89 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. దేశమంతా మిషన్ మీద బటన్ నొక్కడానికి అప్పటికి ఆరు నెలలే ఉంది.

ఇప్పటికీ దేశంలో ఈవీఎంలు తయారు చేసేది రెండే సంస్థలు. ఒకటి బెంగళూరులోని బీఈఎల్. రెండోది మన ఈసీఐఎల్. ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ ఈ మిషన్‌ను నమ్మొచ్చా లేదా అన్న గొడవ వస్తూనే ఉంటుంది. ఆ ప్రశ్న అడగడం ఓటరు హక్కు. లోపల ఏముందో తెలిసినవాళ్లు జవాబు చెప్పడం వాళ్ల బాధ్యత. ఆ తెలిసినవాళ్లు మన దేశంలోనే, మన ఊళ్లోనే ఉండటం వెనక మాత్రం 1967 నాటి నిర్ణయం ఉంది.

కాలనీగా మిగిలిన పేరు

ఈసీఐఎల్ వచ్చాక చుట్టుపక్కల కుషాయిగూడ, చర్లపల్లి, కాప్రా రూపు మారింది. ఉద్యోగులు సొసైటీగా ఏర్పడి ఇళ్లు కట్టుకున్నారు. ఆ కాలనీకి తమ తొలి ఎండీ పేరు పెట్టుకున్నారు. అదే ఏఎస్ రావు నగర్. ఈసీఐఎల్‌లో పని నేర్చుకున్న ఇంజనీర్లలో కొందరు బయటికొచ్చి సొంతంగా చిన్న చిన్న ఎలక్ట్రానిక్స్ యూనిట్లు పెట్టుకున్నారు. వాటిలో ఇంకొంతమందికి పని దొరికింది. ఐటీ కంపెనీలు హైదరాబాద్ వైపు చూసేనాటికి ఇక్కడ ఎలక్ట్రానిక్స్ తెలిసిన రెండు తరాలు సిద్ధంగా ఉన్నాయి.

ఏఎస్ రావు జీవితం.. ఒక్క చూపులో

- 1914: పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో జననం
- 1946: టాటా స్కాలర్‌షిప్‌తో స్టాన్‌ఫోర్డ్‌కు
- 1956: అప్సర రియాక్టర్‌కు ఎలక్ట్రానిక్ కంట్రోల్ వ్యవస్థ
- 1960: పద్మశ్రీ
- 1963: ఎలక్ట్రానిక్స్ కమిటీలో సభ్యత్వం
- 1965: భట్నాగర్ పురస్కారం
- 1967: ఈసీఐఎల్ తొలి మేనేజింగ్ డైరెక్టర్
- 1972: పద్మభూషణ్
- 2003: కన్నుమూత

మళ్లీ రాంగోపాల్‌పేట్‌కు వద్దాం. సేఠ్ రాంగోపాల్ పేరు ఇక్కడ పేటగా మిగిలింది. ఏఎస్ రావు పేరు అక్కడ నగర్‌గా మిగిలింది. ఒకరు వీధికి గడియారం ఇచ్చారు. ఇంకొకరు ఆ గడియారం లోపలి యంత్రాన్ని మనమే చేసుకోగలమని చూపించారు. ఇద్దరి పేర్లూ ఇప్పుడు కండక్టర్ కేకల్లో, క్యాబ్ యాప్ మ్యాపుల్లో వినిపిస్తున్నాయి, కనిపిస్తున్నాయి. మన ఫోన్లలోని చిప్‌లు ఇప్పటికీ ఎక్కువగా బయటి నుంచే వస్తున్నాయి. వాటిని ఇక్కడే తయారు చేయాలని ప్రభుత్వాలు మళ్లీ వేల కోట్లతో ప్రణాళికలు వేస్తున్నాయి. 1963లో నలుగురు మనుషులు కూర్చుని అడిగిన ప్రశ్న కూడా ఇదే. అందుకే ఈసారి ఏఎస్ రావు నగర్ స్టాప్‌లో బస్సు ఆగితే, బోర్డు మీద ఆ పేరును ఒక్కసారి ఆగి చదవండి.